మిర్చి కల్లం నీళ్లు ఎటు పోతాయి?

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీరు పిల్లలు అప్పుడప్పుడు ముదిగొండలో మా ఇంటికి వస్తుంటారు. ఎస్టిమేట్ ఎలా వేయాలి, కొలతల పుస్తకం ఎలా రాయాలి అని అడుగుతారు. తెలిసినంత చెబుతాను. లేచి వెళ్లేటప్పుడు మాత్రం అందరూ ఒకే ప్రశ్న వేస్తారు: "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని పని ఏది?" ఏ వంతెన గురించో, ఏ ఘాట్ రోడ్డు గురించో చెబుతానని వాళ్ల ఆశ. నేను ఒక మిర్చి మిల్లు గురించి, దాని కల్లం గురించి, రంగు మారిన పదకొండు కోళ్ల గురించి చెబుతాను. కోళ్ల దగ్గర వాళ్లు బాగా నవ్వుతారు. ఆ తర్వాత నవ్వు కొంచెం తగ్గుతుంది. నాకూ అప్పుడు అలాగే అయింది.

పంచాయతీరాజ్ శాఖలో ఏఈగా చేరి ఏఈగానే రిటైరైనవాణ్ని నేను. మధ్యలో ఒకసారి ప్రమోషన్ నా ముందున్న వ్యక్తి దాకా వచ్చి ఆగింది, అది వేరే సంగతి. ఆఖరి పోస్టింగ్ పినపాక వైపు నుంచి బదిలీ మీద వచ్చింది. ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే దారుల్లో ఒకదాని మీద, పొలాలు అయిపోయి టేకు చెట్లు మొదలయ్యే చోట ఉన్న మండలం అది. పద్నాలుగేళ్ల కింద కూడా నేను అక్కడ పనిచేశాను. అప్పుడు వేయించిన సిమెంటు రోడ్డు ఒకటి, ఊళ్లో నుంచి కోయగూడెం దాకా, ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. ఒక్క పగులు లేదు. మళ్లీ ఆ మండలానికి వచ్చిన మొదటి రోజే స్కూటరు ఆపి, దిగి, ఆ రోడ్డు మీద అటూ ఇటూ నడిచాను. ఆ తర్వాత ప్రతి మీటింగులో ఏదో ఒక వంకతో దాని ప్రస్తావన తెచ్చేవాణ్ని. తాగునీటి ఎద్దడి మీద సమీక్ష జరుగుతుంటే కూడా తెచ్చానని మా ఎంపీడీవో తర్వాత అన్నాడు. నిజమే అయి ఉంటుంది.

ఆ ఊరి మిర్చి మిల్లు ఓనరును అందరూ సేటు అనే పిలుస్తారు. తాత కాలంలో ఖమ్మం వచ్చి మిరపకాయల వ్యాపారంలో స్థిరపడ్డ ముస్లిం కుటుంబం. తండ్రి ఈ ఊళ్లో, గుట్టకూ ఊరికీ మధ్య ఉన్న ఎత్తు మీద మిల్లు పెట్టాడు. కాయలు ఆరబోసే కల్లానికి మూడేళ్ల కింద సేటు సిమెంటు చేయించాడు. ఇప్పుడు దాన్ని ఇంకో రెండెకరాలు పెంచుతానని, కొత్త మర, కొత్త షెడ్డు వేస్తానని ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకున్నాడు. గడువులోగా పంచాయతీ ఏ సంగతీ చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. అందుకని గ్రామసభ పెట్టారు.

గ్రామసభలో మొదట లేచింది గూడెం వార్డు మెంబరు. యాభై దాటిన కోయ మనిషి. తనవాళ్లతో కోయ భాషలో గలగలా మాట్లాడుతుంది, మాతో మాట్లాడేటప్పుడు మాత్రం ఒక్కో మాటా మాకు అర్థమవుతోందో లేదో చూసుకుంటూ నిదానంగా మాట్లాడుతుంది.

"వాన పడితే మిల్లు నీళ్లన్నీ మా ఇండ్లల్లకే వస్తున్నయ్" అంది. "ఉత్త నీళ్లు కాదు, మిరపకాయ నీళ్లు. పిల్లల కండ్లు మండుతున్నయ్. మా కోళ్లు తుమ్ముతున్నయ్."

సభలో నవ్వులు. ఎంపీడీవో పెన్ను పక్కన పెట్టి, "కోళ్లు తుమ్ముతాయా?" అని అడిగాడు.

"మీరొచ్చి రెండు రోజులుంటే మీరు గూడ తుమ్ముతరు సారూ."

పంచాయతీ కార్యదర్శి ఒక ముప్పై ఏళ్ల అమ్మాయి. చెప్పింది చెప్పినట్టు రాసే మనిషి. తీర్మానాల పుస్తకంలో "మూడవ అంశము: కోళ్లు తుమ్ముచున్నవి" అని రాసింది. అది నేను స్వయంగా చూశాను.

సేటు లేచి నిలబడ్డాడు. కోపంగా లేడు, అలసటగా ఉన్నాడు. "సాబ్, మా అబ్బాజాన్ కాలం నుంచి మిల్లు ఆడనే ఉన్నది. అప్పుడు రాని నీళ్లు ఇప్పుడెట్లొస్తున్నయ్? నేనేమన్న నీళ్లకు తోవ జూపెట్టిన్నా? కల్లం పెద్దగైతే ముప్పై మందికి పని దొరుకుతది. గూడెపోళ్లకే ఇస్త, మాట."

"పని ఇస్తవు, మంచిదే" అంది వార్డు మెంబరు. "పని చేసొచ్చి ఏడ పండాలె? నీళ్లల్లనా?"

'అప్పుడు రాని నీళ్లు ఇప్పుడెట్లొస్తున్నయ్' అన్నది ఆ రోజు సభ మొత్తంలో అడగదగ్గ ఒకే ఒక్క ప్రశ్న. దానికి సమాధానం చెప్పాల్సినవాణ్ని అక్కడే, మూడో కుర్చీలో, కాళ్లు చాపుకుని కూర్చున్నాను. నాకు ఆ ప్రశ్న వినపడనే లేదు. నా రిపోర్టు చదవాలన్న తొందరలో ఉన్నాను.

ఆ రిపోర్టు ఎలా తయారైందో కూడా చెప్పాలి. ఏప్రిల్ ఎండలో మిట్టమధ్యాహ్నం మిల్లు గేటు దాకా వెళ్లి, తువ్వాలు నెత్తిన వేసుకుని నాలుగు దిక్కులూ చూసి, ఫోన్లో మ్యాపు తెరిచి, గొంతెండిపోతుంటే వెనక్కి వచ్చేశాను. అదీ నా తనిఖీ. సభలో మాత్రం గొంతు సవరించుకుని చదివాను: "సదరు స్థలమందలి వర్షపు నీరు తూర్పు దిశగా ప్రవహించి మెయిన్ రోడ్డు కల్వర్టులో కలియును. గూడెమునకు ఎట్టి ముప్పును లేదు." చదివి ఊరుకోవచ్చు కదా. "పైగా గూడేనికి పద్నాలుగేళ్ల కిందే మంచి రోడ్డు వేశాం, ఒక్క పగులు కూడా..." అని మొదలుపెట్టాను.

వార్డు మెంబరు నా మాట పూర్తయ్యే దాకా మర్యాదగా ఆగింది. తర్వాత అడిగింది. "నీళ్లు తూర్పుకు పోవాల్నన్న సంగతి నీళ్లకు గూడ చెప్పిన్రా సారూ?"

ఈసారి నవ్వులు కోళ్ల మీద కాదు.

ఎంపీడీవో అన్ని శాఖలతో కలిపి ఉమ్మడి తనిఖీ జరగాలన్నాడు. ఆయనకు ఉమ్మడి తనిఖీలంటే ఇష్టం, ఫోటోలో ఎక్కువమంది పడతారు. వారం తర్వాత అందరం గూడెం రోడ్డు మీద కలిశాం. గుట్ట మీద పడే వానకు ఎవరు బాధ్యులో తేల్చుకోవాలి. అటవీ శాఖ నుంచి వచ్చినాయన గుట్ట తమదేనని, నీళ్లు గుట్ట దిగిన తర్వాత తమవి కావని చెప్పాడు. రెవెన్యూ ఆయన నక్షా విప్పి, ఇందులో కాలువ గీత ఏదీ లేదు గనుక ఇక్కడ నీళ్లు పారే అవకాశం లేదన్నాడు. ఇరిగేషన్ ఏఈ నాకు స్నేహితుడే. వాగయితే మా రిజిస్టరులో ఉంటుంది, రిజిస్టరులో లేదు గనుక వాగు కాదు, వాగు కానప్పుడు మేం ఎందుకు వచ్చామో తెలియడం లేదన్నాడు. గూడెం వాళ్లు చుట్టూ నిలబడి, ఆ నీళ్లు మరి ఎవరివో తేలుతుందేమోనని మా ఒక్కొక్కరి నోటి వైపు చూస్తున్నారు.

నాకు మాత్రం సరదాగా ఉంది. రోడ్డు పక్కన రెండు సిమెంటు పైపులు పడి ఉంటే, ఒకదాని మీద కూర్చుని సేటు తెప్పించిన చాయ్ తాగుతున్నాను. పైపు లోపల ఒక కోడి పొదుగుతోంది. మా వర్క్ ఇన్‌స్పెక్టరు నా పక్కనే నిలబడ్డాడు. నా వయసువాడే. పద్నాలుగేళ్ల కింద కూడా నాతో పనిచేశాడు. రోజుకు పది మాటలు మించి మాట్లాడడు. వాటిలో ఆరు "చూద్దాం సార్" అనేవే.

"సార్" అన్నాడు పైపు వైపు చూస్తూ.

"ఏంటయ్యా?"

"ఏం లేదు. చూద్దాం సార్."

తనిఖీ ఏమీ తేలకుండానే ముగిసే వేళకు వార్డు మెంబరు ముందుకు వచ్చింది. "గింత లొల్లి ఎందుకు? ఊరికో ట్యాంకరున్నది గదా. పైన నీళ్లు పోయున్రి. ఎటు పోతయో అవే జెప్తయ్."

ఎవ్వరికీ తట్టని ఆలోచన. కార్యదర్శి వెంటనే పట్టుకుంది. "రంగు కలిపి పోద్దాం సార్. లేకపోతే ఇవి మిల్లు నీళ్లు కాదు, బోరింగు దగ్గర పారిన నీళ్లు అంటారు." రంగు ఎక్కడిదన్నాను. సర్పంచి ఉత్సాహంగా ముందుకొచ్చాడు. చలికాలంలోనే ఎన్నికల్లో గెలిచినవాడు. విజయోత్సవ ఊరేగింపు కోసం తెప్పించిన గులాల్ ఇంకా మూడు బస్తాలు ఇంట్లో మిగిలి ఉందట. ఏ రంగో ఇక్కడ చెప్పను. సర్పంచి ఎన్నికలకు పార్టీలు ఉండవంటారు గానీ, గులాల్‌కు ఉంటాయి.

అనుకున్న రోజు పొద్దున్నే నాలుగు పంచాయతీల ట్యాంకర్లు వచ్చాయి. అయిదోది సేటుది. తన మీద పరీక్షకు తన బోరు నీళ్లే నింపి పంపిన మనిషి ఆయన. ముందు రోజు సాయంత్రం ఒక జల్లు పడి నేల తడిసి ఉంది. ఊరంతా పండుగలా కదిలింది. ఎవరో గోడ మీదికి ఎక్కారు, ఎవరో మిల్లు గేటు ముందు మురుకుల బండి పెట్టారు. నేను మనుషుల్ని పంచాను. ట్యాంకర్ల దగ్గర సర్పంచి, కార్యదర్శి. గూడెంలో వర్క్ ఇన్‌స్పెక్టరు. అతన్ని అక్కడికి పంపింది ఎందుకంటే, అక్కడికి నీళ్లు రావని నాకు గట్టి నమ్మకం, నిలబడి చూడటానికి మాట్లాడని మనిషైతే చాలు. ఎంపీడీవో, నేను, ఫోటోల కోసం మెయిన్ రోడ్డు కల్వర్టు దగ్గర. ఇరిగేషన్ స్నేహితుడు కూడా మా వెంటే వచ్చాడు.

తొమ్మిదింటికి ట్యాంకర్ల మూతలు తీశారని ఫోను వచ్చింది. ఎంపీడీవో కల్వర్టు వైపు ఫోను పట్టుకుని, ఒక మోకాలు వంచి సిద్ధంగా కూర్చున్నాడు.

పది నిమిషాలయింది. కల్వర్టులో ఒక తొండ బయటికి వచ్చి, మమ్మల్ని చూసి, మళ్లీ లోపలికి పోయింది.

"ఇంకా దూరం కదా సార్, వస్తాయి" అన్నాను.

ఇరవై నిమిషాలయింది. ఎంపీడీవో మోకాలు మార్చాడు. ఇరిగేషన్ స్నేహితుడు నా ముఖం వైపు చూడకుండా ఆకాశం వైపు చూస్తున్నాడు. అప్పుడు నా ఫోను మోగింది. వర్క్ ఇన్‌స్పెక్టరు.

"సార్, కోళ్లు" అన్నాడు.

"కోళ్లేంటి?"

"రంగు పడ్డయ్ సార్."

మేం వెళ్లేసరికి గూడెం మొత్తం నవ్వుతోంది. రంగు నీళ్లు మొదటి వరస ఇళ్ల ముంగిళ్లలోకి పారి, వార్డు మెంబరు వాకిట్లో మడుగు కట్టాయి. పదకొండు కోళ్లు దానిలో నుంచి నడుచుకుంటూ వచ్చి, రెక్కలు దులుపుకుని, సర్పంచి పార్టీలో చేరిపోయాయి. ఒక పుంజు మాత్రం ఎందుకో ఎడమ వైపే తడిసింది. దాన్ని చూసి జనం, అది ఇంకా ఆలోచించుకుంటోందన్నారు. వార్డు మెంబరు నులక మంచం మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుని ఉంది.

"వచ్చిన్రా సారూ? మీ కంటే ముందు నీళ్లే వచ్చినయ్" అంది.

ఎంపీడీవో ఫోటోలు తీస్తూనే తీర్పు చెప్పేశాడు. "ఇంకేముంది? మిల్లు నీళ్లే. దరఖాస్తు తిరస్కరిద్దాం, ఫైలు మూసేద్దాం." సేటు గూడెం మొదట్లోనే నిలబడిపోయాడు. టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు. గూడెం ఆడవాళ్లు ఆయన్ని చూసి ఏదో గట్టిగా అంటున్నారు. అది కోయ భాషే అయినా, ఆయనకు అర్థం కావాల్సినంత అర్థమైంది.

అప్పుడే కార్యదర్శి వచ్చింది. ఆమె మిల్లు దగ్గర నుంచి రంగు గీత వెంట నడుచుకుంటూ దిగిందట. చెప్పులు, చీర కుచ్చిళ్లు అన్నీ రంగు. "సార్, ఒకసారి రండి" అని నన్ను వెనక్కి తీసుకుపోయింది. మిల్లు నుంచి దిగిన నీళ్లు నా సిమెంటు రోడ్డు దాకా తిన్నగా వచ్చాయి. అక్కడ రోడ్డు నేల కంటే అడుగున్నర ఎత్తు. నీళ్లు రోడ్డుకు కొట్టుకుని మడుగు కట్టి, దారి లేక, రోడ్డు అంచు వెంటే మళ్లి గూడెం వైపు పారాయి. రోడ్డుకు అవతల కుంట ఉంది. ఏళ్ల తరబడి నిండటం లేదు. వానలు తగ్గాయని అందరం అనుకుంటున్నాం.

"ఇక్కడ దాటితే నీళ్లు సీదా కుంటలో పడతాయి సార్" అంది కార్యదర్శి. "రోడ్డు కింద ఒక పైపన్నా పెట్టి ఉండాల్సింది కదా?"

ఆమె అడిగిన చోటికి పది అడుగుల దూరంలో రెండు పైపులు పడి ఉన్నాయి. వాటి మీదే వారం కింద నేను కూర్చుని చాయ్ తాగాను.

మనిషికి మరుపు ఎలా పనిచేస్తుందో నాకు ఆ నిమిషంలో తెలిసింది. అంతా ఒక్కసారి కళ్ల ముందుకు వచ్చింది. పద్నాలుగేళ్ల కింద అది మార్చి ఆఖరు. ముప్పై ఒకటిలోగా పని పూర్తి కాకపోతే నిధులు వెనక్కి పోతాయి. ఎస్టిమేట్‌లో ఇదే చోట పైపులు ఉన్నాయి. పైపుల లారీ రాలేదు. కంకర, ఇసుక, సిమెంటు కలిపే మిల్లరు తిరుగుతోంది. "పోసేయండి, తర్వాత కోసి పెడదాం" అన్నది నేనే. నాలుగు రోజుల తర్వాత లారీ వచ్చి పైపులు రోడ్డు పక్కన దించి పోయింది. అప్పటికి కొత్త రోడ్డు అద్దంలా ఉంది. దాన్ని కోయాలంటే నాకు ప్రాణం ఒప్పలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటుండగా జూన్‌లో బదిలీ వచ్చింది. కొలతల పుస్తకంలో "పైపులు సరఫరా అయినవి" అని రాశాను. అది నిజమే. అమర్చినట్టు రాయలేదు. ఎవరూ అడగలేదు.

అప్పుడు రాని నీళ్లు ఇప్పుడెట్లొస్తున్నయ్ అన్న సేటు ప్రశ్నకు జవాబు ఇదే. రోడ్డు పడ్డప్పటి నుంచి గూడెంలోకి కొద్దికొద్దిగా వచ్చాయి. మూడేళ్ల కింద కల్లానికి సిమెంటు పడ్డాక, నేల తాగాల్సిన నీళ్లు కూడా వచ్చి చేరాయి. వాటితో పాటు మిరప పొడి.

వర్క్ ఇన్‌స్పెక్టరు నా వెనకే వచ్చి నిలబడ్డాడు.

"నీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు సార్."

"మరి చెప్పలేదేమయ్యా?"

అతను ఆ రోజు తన పది మాటల హద్దు దాటాడు. "అప్పుడు చెప్దామంటే మీరు బదిలీ మీద పోయిన్రు. మల్ల వచ్చినంక, మీరు ఆ రోడ్డు జూసి మస్తు మురిసిపోతుంటిరి. చెప్పెటందుకు మనసొప్పలే సార్."

నిజం చెబుతున్నాను, నా మొదటి ఆలోచన మంచిది కాదు. నాలుగు నెలల్లో రిటైర్మెంట్. దరఖాస్తు తిరస్కరిస్తే ఫైలు మూతపడుతుంది. రోడ్డు సంగతి ఎవరూ ఎత్తరు. కార్యదర్శి అడిగిన ప్రశ్నకు "చూద్దాం" అంటే సరిపోతుంది. ఆ మాట మా శాఖలో చాలా పనులు కానివ్వలేదు, నా పని మాత్రం అయ్యేది. తిరిగి గూడెం వైపు నడిచాను. దారి పొడుగునా ఆ మాటే నోట్లో పెట్టుకుని ఉన్నాను. ఎంపీడీవో అప్పటికే సేటుతో తిరస్కరణ కాగితం మీద సంతకం ఎప్పుడు పెట్టాలో చెబుతున్నాడు. సేటు, "అట్లనే సాబ్, మీరెట్లంటే అట్లనే" అంటున్నాడు. ఆయన గొంతు విన్నాక నాకు నోట్లోని మాట బయటికి రాలేదు. వేరే మాట వచ్చింది.

"సార్, రాసుకోండి" అన్నాను ఎంపీడీవోతో. "తప్పు మిల్లుది సగమే. మిగతా సగం నాది. రోడ్డు పక్కన పడి ఉన్న పైపులు రోడ్డు కింద ఉండాల్సినవి. పెట్టకుండా రోడ్డు పోయించింది నేనే."

నన్ను తిడతారని, కొడతారని కూడా అనుకున్నాను. వార్డు మెంబరు మంచం మీద నుంచి నా వైపు విచిత్రంగా చూసింది.

"అవి మీవా సారూ? మేం కూసునెతందుకు సర్కారోళ్లు ఏసి పోయిన్రనుకున్నం గదా."

ఎవరో ఫక్కున నవ్వారు. దాంతో అందరూ నవ్వారు. వర్క్ ఇన్‌స్పెక్టరు నవ్వడం నేను ఇన్నేళ్లలో అదే మొదటిసారి చూశాను. నేను నవ్వలేకపోయాను. ఆమె కూడా నవ్వలేదు. నవ్వులన్నీ ఆగేదాకా ఆగి, "మా బియ్యం ఎన్నిసార్లు తడిసినయో మీకెరుకనా?" అంది. ఎరుక లేదన్నాను. "ఇగ ఎరుకైంది గదా" అని లేచి, రంగు నీళ్లలోకి దిగి, చీపురు అందుకుంది.

సేటు నా దగ్గరికి వచ్చి, "సాబ్, మూడేండ్ల సంది తిట్లన్నీ నేనొక్కన్నే తింటున్న. ఇయ్యాల్టి నుంచి సగం మీరు తీసుకోన్రి" అన్నాడు. తీసుకున్నాను. చాలానే ఉన్నాయి.

తర్వాత జరిగినవి త్వరగా చెబుతాను. రెండో రిపోర్టు చేత్తో రాశాను, అందులో "కలియును", "లేదు" లాంటి మాటలు తగ్గించి, ఎవరు ఎక్కడ ఏం చేయలేదో రాశాను. పైనుంచి నాకు మెమో వచ్చింది, మీ మీద చర్య ఎందుకు తీసుకోరాదో తెలపమని. తీసుకోరాదనడానికి కారణం ఏదీ కనబడక, జరిగింది జరిగినట్టు రాసి పంపాను. ఇలాంటి వివరణ తమ ఆఫీసుకు అంతకుముందు రాలేదట. దాన్ని ఏ ఫైల్లో పెట్టాలో తెలియక నెల రోజులు తిప్పి, చివరికి సర్వీసు పుస్తకంలో ఒక అభిశంసన రాసి వదిలేశారు. సేటుకు షరతులతో అనుమతి వచ్చింది. అడిగిన రెండెకరాల్లో సగం మట్టిగానే ఉంచాలి, కల్లం చుట్టూ కాలువ తవ్వాలి, మిరప పొడి దిగడానికి ఒక గుంత కట్టాలి, ఏటా వానలకు ముందు ఆ గుంత తీయించాలి. గుంత ఎక్కడ ఉండాలో వార్డు మెంబరు కర్రతో గీసి చూపించింది. నా లెవెల్ మిషన్ పెట్టి చూస్తే ఆమె గీసిందే సరిగ్గా ఉంది.

కోళ్ల గొడవ మాత్రం కొన్నాళ్లు నడిచింది. గులాల్ ఈకల్లో ఇంకిపోయింది. సంతకు తీసుకుపోతే ఓడిపోయిన వర్గంవాళ్లు ఆ కోళ్లను మేం కొనం అన్నారట. చివరికి సర్పంచే ఒక్కటి తప్ప అన్నీ కొనుక్కున్నాడు. ఎడమ వైపే తడిసిన పుంజును వార్డు మెంబరు అమ్మలేదు.

ఇక రోడ్డు. దాన్ని కోయాల్సిన చోట సుద్దతో గీతలు గీసింది నేనే. ఒక పూటలో అయిపోతుందనుకుని బ్రేకరు మిషన్ తెప్పించాం. రెండు రోజులు పట్టింది. మొదటి రోజు సాయంత్రానికి మిషన్ ములికి విరిగింది. దాన్ని నడిపేవాడు చెమట తుడుచుకుంటూ, "ఏ దుర్మార్గుడు ఏసిండు సార్ ఈ రోడ్డు?" అని నన్నే అడిగాడు. నా పనికి నా సర్వీసులో దొరికిన మెచ్చుకోలు అదొక్కటే. ఎవరు వేశారో చెప్పలేదు. పైపుల్ని దొర్లించే ముందు లోపల పొదుగుతున్న కోడిని, పన్నెండు గుడ్లతో సహా, వర్క్ ఇన్‌స్పెక్టరు గంపలోకి మార్చి వార్డు మెంబరుకు అప్పజెప్పాడు.

పిల్లలూ, మీకు లెక్కలు నా కంటే బాగా వచ్చు. మీ ఫోన్లలో ఉన్న మ్యాపులు నేను ఉద్యోగంలో చేరినప్పుడు లేవు. ఒక్క సంగతి అడుగుతాను. మీరు ఏ స్థలాన్నైనా చూడటానికి పోయినప్పుడు, దానికి పల్లంలో ఎవరు ఉంటున్నారో ముందు వాళ్ల వాకిట్లోకి వెళ్లండి. వాళ్లిచ్చే నీళ్లు తాగండి. ఎక్కడి దాకా తడుస్తుందో గోడ మీద గీత ఉంటుంది, చూపిస్తారు. ఆ గీత ఆ గూడెంలో పద్నాలుగేళ్లు ఉంది. నా రోడ్డు మీద నుంచే కనిపించేది.

రిటైర్మెంటుకు నెల రోజుల ముందు, ఆషాఢంలో గట్టి వాన పట్టింది. రెండు రోజులు వదల్లేదు. ఆఫీసులో కూర్చోలేకపోయాను. మూడో రోజు పొద్దున వాన కాస్త సన్నగిల్లగానే గొడుగు వేసుకుని గూడెం వెళ్లాను. మోకాళ్ల దాకా బురద. పైపుల్లో నుంచి నీళ్లు హోరున కుంటలోకి దూకుతున్నాయి. కుంట గట్టు మీద సేటు గొడుగు కింద నిలబడి ఉన్నాడు. ఆయన కూడా తన గుంత నిండిందో లేదో చూసుకోవడానికే వచ్చాడట. ఇద్దరం కాసేపు ఆ నీళ్లనే చూశాం. తర్వాత నేను ఒక్కణ్నే వార్డు మెంబరు ఇంటి వైపు నడిచాను.

ఆమె గుమ్మంలోనే ఎదురైంది. చేతులకు పేడ, ఎర్రమట్టి. నన్ను చూసి సంతోషిస్తుందనుకుని లోపలికి అడుగు వేయబోయాను.

"ఆగున్రి, ఆగున్రి!" అని రెండు చేతులూ అడ్డం పెట్టింది. "బూట్లు బయటనే ఇడువున్రి సారూ. ఇప్పుడే ఇల్లు అలికిన."

నా రోడ్డు పడ్డాక వానాకాలంలో ఆ ఇల్లు అలకడం అదే మొదటిసారి. నేను వాకిట్లో, వానలో నిలబడి, బూట్ల లేసులు విప్పుకున్నాను.